చివరి భాగం పెట్టెలో ఉంది

"తెచ్చినవా?" అంది పుష్పమ్మ తల ఎత్తకుండానే.

ఆమె ఆకుపచ్చ రేకుపెట్టె మీద కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. ఇంట్లో సోఫా ఉంది, ఆరు కుర్చీలున్నాయి, ఊయల బల్ల ఉంది. అయినా పొద్దున టిఫిను అయిన దగ్గర నుంచి ఆ మహాతల్లి పెట్టె దిగలేదు. తాళంచెవి బొడ్లో దోపుకుని, పైన కొంగు చుట్టుకుని కాపలా కాస్తోంది.

"అత్తమ్మా, నాకు ఇవ్వొద్దు. మీ ముందే కూర్చుని చదువుతాను. అయిపోగానే మీ చేతికే ఇచ్చేస్తాను," అంది సుకన్య.

"చదువుతాను, ఇచ్చేస్తాను..." పుష్పమ్మ కోడలి కోదాడ మాటను అట్లాగే దీర్ఘం తీసి అంది. "పొద్దున ఏం జెప్పిన? కాయిదానికి కాయిదం. నీ సూర్యాపేట కాయిదం నా చేతుల పెట్టు. నా పుస్తకం నీ చేతుల పెడ్త. ఇండ్ల తిరకాసు ఏమున్నది?"

"రేపే ఆఖరి రోజు అత్తమ్మా. రేపు అయిదింటి లోపల ఆ కాగితంతో చేరకపోతే ఉద్యోగం పోతుంది."

"అందుకే గదా ఇయ్యాల అడుగుతున్న. ఎల్లుండి అడిగితే నాకేం లాభం?"

ఇంత ఉన్నదున్నట్టుగా పీక కోసేవాళ్లు లోకంలో అరుదు. పుష్పమ్మలో ఆ గుణం ఒకటి ఉంది. కత్తిని వెనక దాచుకోదు.

గోడ గడియారం మూడుంబావు చూపిస్తోంది. సరిగ్గా నాలుగింటికి కోదాడలో మాస్టారి చెవి దగ్గర ఫోను పెడుతుంది గోపిక. మాస్టారంటే సుకన్య తండ్రి శంకరయ్య. గోపిక ఆమె చెల్లెలు. ముప్ఫై నాలుగేళ్లు పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి ఆయన. ఊపిరితిత్తులు రెండూ పాడయ్యాయి. ఇక దవాఖానలో ఉంచుకుని చేసేదేమీ లేదని డాక్టర్లు ఇంటికి పంపేశారు.

ఆ పంపిన రోజు నుంచి మిర్యాలగూడలో కూతురు ఫోను పట్టుకుని ఒక పాత సీరియల్‌లోంచి రోజుకో భాగం చదువుతోంది, కోదాడలో తండ్రి వింటున్నాడు. నిన్నటితో నలభై భాగాలూ అయిపోయాయి. నలభై ఒకటోది, అన్నిటికన్నా చివరిది, వాళ్ల పుస్తకంలో లేదు. అది పుష్పమ్మ కూర్చున్న పెట్టెలో ఉంది.

"మీ నాయిన ఏమన్న చంటిపిల్లగాడా? కథ జెప్పకుంటె నిద్రపట్టదా?" అంది పుష్పమ్మ.

సుకన్య గడియారం వైపు చూసింది. చంటిపిల్ల తనే. పదేళ్లప్పుడు తల్లి పోయిన ఏడు, రాత్రుళ్లు ఉలిక్కిపడి లేస్తుంటే, నాన్న ఆ ఖాకీ అట్ట పుస్తకాన్ని బీరువా మీద నుంచి దించి చదవడం మొదలుపెట్టాడు.

అది పుస్తకం అని ఇంట్లో అనుకోవడమే తప్ప ఏ అచ్చాఫీసులోనూ పుట్టినది కాదు. సుకన్య పుట్టకముందు, ఆ రోజుల్లో చదువుకునే ఇళ్లన్నిటిలో ఉన్న అలవాటే. వారపత్రిక రాగానే ఇంటిల్లిపాదీ చదవడం, తర్వాత సీరియల్ పేజీలు బ్లేడుతో కోసి దాచడం, సీరియల్ ముగిశాక బైండింగు షాపులో కుట్టించుకోవడం. అందుకే ఆ పుస్తకంలో కథ మధ్య మధ్య వేరే సంగతులు వచ్చిపడేవి. ఒక భాగం చివర సగం తెగిన రాశిఫలాలు, ఇంకో భాగం వెనక గుత్తివంకాయ కూర చేసే విధానం.

కథ మాత్రం ఈ లోకానిది కాదు. ఎవరో పరాయిదేశపు రచయిత వందేళ్ల కిందట రాసిన సైన్స్ నవలకు అది తెలుగు. అక్కడ సూర్యుడు కదిలీ కదలనట్టు కదులుతాడు. ముందున్న నేల ఎండకు మాడిపోతుంది, వెనకున్న నేల చీకటిలో గడ్డకట్టుకుపోతుంది. మధ్యలో పొద్దుగూకే వేళ లాంటి సన్నటి పట్టీ ఒకటే బతికే చోటు. ఆ పట్టీ జరుగుతున్నకొద్దీ ఊరు ఊరంతా దాని వెంట నడవాలి. గంట మోగితే లేవాలి. లేవలేనివాళ్లకు ఒక దీపం, మూడు రోజుల రొట్టె ఇచ్చి వదిలేసిపోవాలి. గంట కొట్టే ముసలాయన కాలు విరుగుతుంది. కూతురు ఇర్మా ఆయనను తోపుడుబండి మీద వేసుకుని ఊరి వెనక నడుస్తుంటుంది. నలభయ్యో భాగం చివర బండి ఇరుసు విరిగింది. గంట మోగింది. ఊరు కదిలింది.

అక్కడితో ఆఖరు. చివరి వారం తాను ఎలక్షన్ డ్యూటీ మీద పెద్దవూర పోయాననీ, తిరిగొచ్చేసరికి కోదాడ బస్టాండులో పత్రిక ఒక్కటి కూడా మిగల్లేదనీ చెప్పాడు నాన్న. పదేళ్ల పిల్ల ఆ రోజు అన్నం తినలేదు.

చదవడానికి ఆయన ఒక నియమం పెట్టాడు. రోజుకు ఒకే భాగం. ఎంత ఏడ్చినా రెండోది లేదు. చదివినదాన్ని ఇంకోసారి చదవడమూ లేదు. "ఒకసారే వినాలి తల్లీ. ఇంకోసారి ఉందనుకుంటే చెవి బద్ధకిస్తుంది," అనేవాడు. ఇప్పుడు మంచంలో పడి కూడా ఆ నియమం తప్పలేదు. దగ్గు తెరలో నాలుగు వాక్యాలు కొట్టుకుపోయినా, మళ్లీ చదవమని అడగలేదు.

నిన్న నలభయ్యో భాగం అయ్యాక ఆయన దగ్గు తెర తగ్గనిచ్చాడు. తర్వాత, "మిగిలింది రేపు చూద్దాం తల్లీ. నాలుగింటికి చెయ్యి. తప్పకుండా చెయ్యి," అన్నాడు.

ఆ మాటే సుకన్యను తినేస్తోంది. మిగిలింది ఎక్కడుందని చూడటం? ఆయన మతి తప్పి అన్నాడో, ఎలాగైనా కూతురు తెస్తుందన్న ఆశతో అన్నాడో. పొద్దున గోపిక ఫోను చేసి, "రాత్రి నుంచి ఊపిరి ఆడడం లేదక్కా. డాక్టరు వచ్చి ఇవాళో రేపో అన్నాడు," అని ఏడ్చింది. బస్సెక్కి వస్తానంటే నాన్న ఒప్పుకోలేదట. ముందు సూర్యాపేట పోయి ఉద్యోగంలో చేరాలట, చేరాక అటునుంచి అటే కోదాడ రావాలట.

మొన్న చదువుతుంటే వంటింట్లోంచి విన్న పుష్పమ్మ ఉత్తపుణ్యానికి నోరు జారలేదు. "గా పోరి ఆఖరికి ఏం జేసిందో నాకెర్క. గా వారం పుస్తకం నా పెట్టెలనే ఉన్నది," అని ఊరించి మరీ చెప్పింది. ఎర వేసేవాడికి చేప ఆకలి తెలుసు.

వాకిట్లో మోటారు సైకిలు ఆగింది. మహేష్ మిల్లు నుంచి అన్నానికి వచ్చాడు. చొక్కా నిండా ఊక దుమ్ము. భార్య ముఖమూ, తల్లి కూర్చున్న చోటూ చూసి, చెప్పులు విడవడానికి మామూలుకన్నా ఎక్కువసేపు తీసుకున్నాడు.

"మీరన్నా చెప్పండి," అంది సుకన్య.

"ఏం జెప్పాలె?"

"పెట్టె తియ్యమని. పత్రిక ఇవ్వమని. నాన్నకు టైము లేదు."

మహేష్ తల్లివైపు చూశాడు. "అమ్మా, జర ఇయ్యరాదె."

"అన్నం పళ్లెం కింద ఉన్నది. తిని మిల్లుకు పో," అంది పుష్పమ్మ.

అతని రాయబారం అంతటితో ముగిసింది. తన బతుకు అడకత్తెరలో పోకచెక్క అయిందని మహేష్ స్నేహితుల దగ్గర వాపోతుంటాడు. పోకచెక్క నలుగుతుంది. మహేష్ నలగడు, పప్పు కలుపుకుంటాడు.

రెండు ముద్దలు తిన్నాక అతనికి ఒక ఉపాయం తోచింది. "నువ్వే ఏదన్న ఒకటి అల్లి సదువు. మామయ్యకు ఏం తెలుస్తది? ఫోన్ల గదా. కాయిదం కనవడ్తదా?"

"నాన్నకు అబద్ధం చదవను."

"గట్లయితే కాయిదం ఇచ్చెయ్. వచ్చేసారి పరీక్ష మళ్ల రాస్తవు. నీకు సదువు వస్తది గదా, పోతదా ఎక్కడికన్న?"

"రెండుసార్లు రాశానండి. రెండోసారి వచ్చింది."

"మూడోసారి గూడ వస్తది," అన్నాడు మహేష్, మజ్జిగ అడుగుతూ. "మోతె దాక రోజు బస్సుల పోయి వచ్చుడు అంటె మాటలా? అమ్మకు మోకాళ్ల నొప్పులు. ఇంట్ల ఎవరుంటరు? నీ మంచికే అంటున్న."

సుకన్య మజ్జిగ పోసింది. సూర్యాపేటలో చేరాక పని మోతె మండలంలోని ఒక హైస్కూల్లో, ఎనిమిది, తొమ్మిది, పది తరగతులకు భౌతికశాస్త్రం. నాన్న చెప్పిన పాఠమే. ఆ మాట పెళ్లయిన ఆరేళ్లలో ఈ ఇంట్లో ఎవరికీ పట్టలేదు. చేయి కడుక్కుని మహేష్ మిల్లుకు పోయాడు. పోతూ పోతూ, "లొల్లి పెట్టుకోకుండ్రి," అని ఇద్దరికీ సమానంగా నీతి పంచాడు.

మూడూ ముప్పావుకు ఇంకా అయిదు నిమిషాలున్నాయి.

"ఎందుకత్తమ్మా?" అంది సుకన్య. "నేను ఉద్యోగం చేస్తే మీకు వచ్చిన కష్టం ఏమిటి? వంట చేసే పోతాను. వచ్చి మళ్లీ చేస్తాను."

పుష్పమ్మ చిక్కుడుకాయల చేట పక్కన పెట్టింది. అప్పుడు మొదటిసారి కోడలి ముఖంలోకి చూసింది.

"నేను ఏడో తరగతి దాక సదివిన. బళ్లె ఫస్టు. ఎనిమిదికి సూర్యాపేట పోవాలె, హాస్టల్ల సీటు గూడ వచ్చింది. ఈ ఇంటికి ఇచ్చి చేసిన్రు. గీ గడప దాటి నేను పోయిన్నా? నా కాళ్లు విరిగిపోయినయా? నువ్వు పర్సు ఏసుకొని పొద్దున ఎనిమిది గొట్టంగ పోతుంటె నేను గీడ కూసోని సూడాల్నా?"

ఇందులో దాపరికం లేదు, సిగ్గూ లేదు. తనకు దక్కనిది తన కళ్ల ముందు ఇంకొకరికి దక్కకూడదు. ఆమెకు జరిగింది అన్యాయమే, కాదనడానికి లేదు. ఆ అన్యాయాన్ని ఇన్నాళ్లూ జాగ్రత్తగా దాచి, తనకన్నా చిన్నదాని నెత్తిన పెట్టడానికి ఇవాళ బయటికి తీసింది.

సుకన్య గదిలోకి పోయింది. బీరువాలో చీరల కింద పసుపు రంగు ఫైలు. అందులో ఆర్డరు. అసలు కాగితం తేనిదే చేర్చుకోరనీ, జిరాక్సులు, ఫోనులో ఫోటోలు పనికిరావనీ అడుగున రాసే ఉంది. ఆమె దానిని మరోసారి చదివింది. ఇంట్లో ఒప్పుకుంటారేమోనని ఆగిన ఈ పదహారు రోజుల్లో ఎన్నిసార్లు చదివిందో, కళ్లు మూసుకున్నా అక్షరాలు కనబడతాయి.

పరీక్ష మళ్లీ రాయవచ్చు. నాన్న మళ్లీ రాడు. లెక్క ఇంతే అనుకుంది.

హాల్లోకి వచ్చి కాగితం అత్త చేతిలో పెట్టింది.

పుష్పమ్మ దానిని వెలుగుకు పట్టి చూసింది. పెదాలు కదుపుతూ మొదటి రెండు వరుసలు చదివింది. లేచి, కొంగు సర్దుకుని, పెరట్లోకి నడిచింది. అక్కడ సాయంత్రం స్నానాలకు నీళ్ల కాగు అప్పుడే ఎక్కించి ఉంది. కింద మిల్లు ఊక ఎర్రగా రాజుకుంటోంది.

"అత్తమ్మా, దాచిపెట్టుకోండి. అంతేకదా అన్నారు. కాల్చొద్దు."

"దాస్తె నువ్వు దొంగతనం జేస్తవు. నీకెందుకు గంత పాపం?" అంది పుష్పమ్మ.

కాగితాన్ని నాలుగుగా మడిచి పొయ్యి నోట్లో పెట్టింది. ఊక మంట మెల్లగా తింటుంది. ఒక అంచు నల్లబడింది, మడత విప్పుకుంది, ముద్ర ఉన్న మూల చివరికి అంటుకుంది. సుకన్య ముందుకు ఒక అడుగు వేసింది. పుష్పమ్మ పుల్లతో ఊకను పైకి తోసింది.

తర్వాత ఆమె మాట మీద నిలబడింది. లోపలికి వచ్చి పెట్టె తెరిచింది. పట్టుచీరలు, వెండి కుంకుమభరిణె, కలరా ఉండలు. వీటన్నిటి అడుగు నుంచి పాత గుడ్డలో చుట్టిన పత్రిక తీసి, రెండు చేతులతో అందించింది.

అట్ట రంగు వెలిసింది కానీ చిరగలేదు. కింది మూలన ఎర్ర అక్షరాల్లో ఆ సీరియల్ పేరు, పక్కనే 'ఈ సంచికలో చివరి భాగం' అని ఉంది. సుకన్య కళ్లు నిండాయి. ఆ క్షణంలో ఆమెకు అత్త మీద కోపం కూడా లేదు. విషయసూచిక చూసింది. ముప్ఫై మూడో పేజీ.

ముప్ఫై రెండు తర్వాత ముప్ఫై తొమ్మిది ఉంది.

ఆమె ఇంకోసారి తిప్పింది. మధ్యలో వేలు పెట్టి చూసింది. కుట్టు దగ్గర మూడు సన్నటి అంచులు, బ్లేడుతో తిన్నగా, ఒద్దికగా కోసినవి.

"పేజీలు లేవు," అంది.

"ఏడ ఉంటయి? కోసిన గదా."

"మీరా?"

"మీ నాయిన ఒక్కడే కోస్తడా? నేను గూడ నలభై ఒక్క వారాలు కోసిన. దారంతోని నేనే కుట్టుకున్న. బియ్యం డబ్బా ఎనుక పెట్టుకొని సదువుకునేదాన్ని. మా అత్త సూసింది. గిదే పొయ్యిల పెట్టింది." పుష్పమ్మ మళ్లీ పెట్టె మూత వేసి దాని మీద కూర్చుంది. "గీ ఒక్క పుస్తకానికి అట్ట మంచిగున్నదని దాసుకున్న."

"మీకు తెలిసే..."

"పుస్తకం ఇస్తనన్న. ఇచ్చిన. లోపల ఏమున్నదో సూసుకోని బేరం చేసుకోవాలె. కోదాడల గింత సదువు సదివిచ్చిన్రు, గది నేర్పలేదా?"

సుకన్య పత్రిక ఒళ్లో పెట్టుకుని నేల మీద కూర్చుంది. సీరియల్ పేజీలు కోసి దాచుకునే ఇంట్లో పుట్టి, ఖాకీ అట్ట పుస్తకాన్ని నలభై రోజులు చేత్తో పట్టుకుని, ఇంకొకరు కూడా కోసి ఉంటారన్న ఆలోచన తనకు రాలేదు. చదువుకున్న బుర్రకు తట్టనిది చిక్కుడుకాయలు వలిచే చెయ్యి ఎన్నడో చేసి కూర్చుంది.

ఫోను మోగింది. నాలుగు.

రెండోసారి మోగింది. మూడోసారి మోగుతుంటే ఎత్తి తానూ స్పీకర్లో పెట్టింది.

"అక్కా, నాన్న తొందరపడుతున్నాడు. స్పీకర్లో పెడుతున్నాను. ఇవాళ అసలు పొద్దున్నుంచి గడియారమే చూస్తున్నాడు," అంది గోపిక. వెనకాల ఆక్సిజన్ యంత్రం గురగురమంటోంది.

"తల్లీ," అన్నాడు శంకరయ్య. మాటకూ మాటకూ మధ్య గాలి పీల్చుకుంటున్నాడు. "దగ్గరున్నావా?"

"ఉన్నాను నాన్నా."

"అయితే... మొదలుపెడదామా?"

సుకన్య ఒళ్లో కోసేసిన పత్రిక ఉంది. అల్లి చెప్పరాదా అన్న మహేష్ మాట గుర్తొచ్చింది. నోరు తెరిచింది. ఇర్మా అని ఒక్క పేరు అన్నది.

పుష్పమ్మ పెట్టె మీద నుంచి వంగి ఫోను లాక్కుంది.

"అన్నా, నేను పుష్పమ్మను. బాగున్నరా అని అడుగను, ఎట్లున్నరో ఎర్కే. నీ బిడ్డ దగ్గర ఆఖరు భాగం లేదు. నాకు నోటికి వస్తది. జెప్పాల్నా?"

అవతల దగ్గు. తర్వాత, "చెప్పండి చెల్లెమ్మా," అని వినిపించింది.

"గా పోరి తండ్రిని ఇడిసిపెట్టి పోయింది."

సుకన్య ఫోను కోసం చెయ్యి చాచింది. పుష్పమ్మ ఇంకో చేత్తో ఆ చెయ్యి మణికట్టు దగ్గర పట్టుకుంది.

"బండి ఇరిగింది. మోస్తనన్నది, మొయ్యలేదు. ముసలోడు గంట తాడు ఇప్పి బిడ్డ చేతుల పెట్టిండు. ఇగ కొట్టేది నువ్వే, ఊరు ఆగొద్దు అన్నడు. దీపం ముట్టిచ్చింది, పక్కన పెట్టింది, పోయింది. ఎనుకకు తిరిగి సూడలే. ఊరిని అందుకున్నది. గంట కొట్టింది. ముసలోడు చీకట్ల పండుకోని గా సప్పుడు ఇన్నడు. ఖతం. గంతే కథ." ఆమె కోడలి వైపు చూసింది. "కన్నబిడ్డ అయినా గంతేనన్నా. ఎవరి బతుకు వాళ్లది. మీకు బాధయితదేమో, ఉన్నమాట జెప్పిన."

సుకన్యకు తన చెయ్యి అత్త పట్టులో ఉన్న సంగతి కూడా తెలియలేదు.

"రొట్టె మరిచిపోయారు చెల్లెమ్మా," అన్నాడు శంకరయ్య.

పుష్పమ్మ తడబడింది. "ఏంది?"

"రొట్టె పెట్టబోతే... ఆయన వద్దంటాడు. దారిలో నీకు కావాలి, నాకెందుకు అంటాడు. ఆ మాట మీద నాకు... ముప్ఫై ఎనిమిదేళ్లు నిద్ర పట్టలేదు."

పుష్పమ్మ పట్టు వదులైంది. "అవు," అంది మెల్లగా. "వద్దన్నడు."

సుకన్య ఫోను తన చేతిలోకి తీసుకుంది. "నాన్నా, నీకు... నీకు తెలుసా?"

"నా దగ్గరే ఉంది తల్లీ, నలభై ఒకటో భాగం. పెన్షన్ కాగితాల కవర్లో. గోపికతో నిన్నే తీయించి దిండు కింద పెట్టుకున్నాను." ఆయన గాలి పీల్చుకున్నాడు. "ఎలక్షన్ డ్యూటీ లేదు, ఏం లేదు. మీ అమ్మ పోయి మూడు నెలలు అప్పటికి. వదిలేసి పోవడం అన్న మాట నీ చెవిన పడకూడదని... నేనే కుట్టు విప్పి తీసేశాను. తర్వాత చెబుదాం, పెద్దయ్యాక చెబుదాం అనుకుంటూ ఉండిపోయాను. ఇవాళ నువ్వు చదవడం కాదు... నేను చెప్పాలనుకున్నాను. అందుకే నాలుగింటికి చెయ్యమన్నాను."

పెరట్లో కాగు మీద మూత నీళ్ల ఆవిరికి టకటక కొట్టుకుంటోంది. పావుగంట. పావుగంట ఓపిక పట్టి ఉంటే చాలు. సుకన్య అత్త ముఖంలోకి చూసింది. అందులో గెలుపు లేదు, జాలీ లేదు. పుష్పమ్మ పొయ్యి వైపు చూస్తోంది.

"విన్నావుగా," అన్నాడు శంకరయ్య. "ఆ పిల్ల చేసింది తప్పు కాదు. అది చెప్పడానికే ఈ నలభై రోజులు చదివించుకున్నాను. రేపు పొద్దున్నే సూర్యాపేట బస్సెక్కు. నేను ఉన్నా, లేకపోయినా... ఇటు తిరగొద్దు. సంతకం పెట్టాకే రా."

"సరే నాన్నా."

"ఆర్డరు భద్రంగా ఉందా?"

ఈ ప్రశ్నకు సుకన్య ఇంకా ఊపిరి తీసుకోకముందే పుష్పమ్మ వంగి, "ఉన్నదన్నా. నేనే దాసిపెట్టిన," అంది.

ఎందుకన్నదో ఆమెకే తెలియాలి. చచ్చేవాడి ముందు పరువు కోసమో, కోడలి నోట నిజం రాకుండానో. దయ మాత్రం కాదు, ఆ ఇంట్లో దానికి అంత అలవాటు లేదు.

"మంచిది చెల్లెమ్మా. తల్లీ, అది ఒకసారి చదివి వినిపించు. కథలు వినీ వినీ... నీ ఆర్డరే వినలేదు."

సుకన్య ఒళ్లో ఉన్న పత్రికను తెరిచింది. ముప్ఫై రెండుకూ ముప్ఫై తొమ్మిదికీ మధ్య ఏమీ లేని చోట వేలు పెట్టింది. అబద్ధం చదవనని అరగంట కిందట మొగుడితో అన్న మనిషి, నలభై రోజులు చదివిన గొంతుతోనే, అదే నిదానంతో చదవడం మొదలుపెట్టింది.

"శ్రీమతి సుకన్య, తండ్రి పేరు శంకరయ్య. భౌతికశాస్త్ర ఉపాధ్యాయినిగా మోతె మండలంలోని ఉన్నత పాఠశాలలో నియమించడమైనది..."

అవతల దగ్గు లేదు. యంత్రం కూడా తగ్గినట్టుంది.

"...ఈ ఉత్తర్వు అసలు ప్రతితో గడువు తేదీ సాయంత్రం అయిదు గంటల లోపు హాజరు కావలెను. అట్లు హాజరు కానిచో ఈ నియామకం దానంతట అదే రద్దగును."

పుష్పమ్మ లేచి పెరట్లోకి పోయింది. కాగు మూత చప్పుడు ఆగింది.

"తండ్రి పేరు కూడా వేశారు," అన్నాడు శంకరయ్య. కొంచెంసేపటి తర్వాత ఆయన, ఏ భాగాన్నీ రెండోసారి చదవనివ్వని మనిషి, "ఇంకోసారి చదువు తల్లీ," అన్నాడు.